ఒర్లియంపేటలో 'అవసరం ల్యా'

పుదుచ్చేరి వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మా టైలరింగ్ షాపుకొచ్చే ఆడవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు. బీచి ఎలా ఉంది, పసుప్పచ్చ గోడల ముందు ఫొటోలు దిగావా అని. బీచికి ఒక్క సాయంత్రం వెళ్ళాను. ఇసక తక్కువ, నల్లరాళ్ళు ఎక్కువ. ఫొటోలు దిగలేదు. నేను వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు, మా తమ్ముడి సామాన్లు కట్టడానికి. కట్టిన సామాన్లు కట్టినట్టే అక్కడ వదిలేసి వచ్చాను. అలా ఎందుకయిందో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు యానాం. నన్ను కాకినాడ ఇచ్చారు. తమ్ముడు మురళికి యానాం స్థానికుడిగా పుదుచ్చేరి ప్రభుత్వంలో జూనియర్ ఇంజినీరు ఉద్యోగం వచ్చింది. యానాంలో కొన్నేళ్ళు చేశాక, రెండేళ్ళ కిందట పుదుచ్చేరికి వేశారు. ముప్పై తొమ్మిదేళ్ళవాడు. ఒకసారి పెళ్ళయింది, కోర్టులో విడాకులూ అయ్యాయి. అసలే తక్కువ మాట్లాడేవాడు, ఆ తర్వాత మరీ తగ్గించేశాడు. అలాంటివాడు ఫోన్ చేసి, "యానాం ట్రాన్స్‌ఫర్ అడిగేనక్కా, ఇచ్చేరు. సామాన్లు సర్దాలి, నువ్వొస్తావా?" అన్నాడు. వాడు నన్ను సాయం అడగడం అరుదు. షాపు మా తోడికోడలికి అప్పజెప్పి రైలెక్కాను.

రెడ్డియార్‌పాళయం

మురళి ఉండేది రెడ్డియార్‌పాళయంలో, ఒక హార్డ్‌వేర్ షాపు పైన. రెండు గదులు, వంటిల్లు. ఒక గదిలో మురళి, రెండో గదిలో వాడి ఆఫీసులోనే పనిచేసే రాజీవన్. అతనిది మాహే. మాహే కేరళ పక్కనున్నా, మా యానాం లాగే దాన్నీ పుదుచ్చేరి నుంచే పాలిస్తారు. కాబట్టి మాకూ అతనికీ సర్కారు ఒకటే, భాష వేరు. రాజీవన్ మా వాడి దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. మాటలన్నీ సరిగ్గానే పలుకుతాడు గానీ చివర్లు ఎక్కడపడితే అక్కడ విరిచేస్తాడు.

"చేచ్చీ, టీ తాగు. ప్రయాణం చేసింది, అలసట ఉంది" అన్నాడు నేను మెట్లెక్కగానే. చేచ్చి అంటే వాళ్ళ భాషలో అక్క.

కింద వీధిలో టిఫిన్ హోటలుంది. పొంగలి నలభై రూపాయలు, గారె పన్నెండు. సాంబారు బకెట్టులో తెచ్చి, వద్దనేదాకా పోస్తారు. మన వైపు పొంగలంటే పండగనాటి తీపి పొంగలే ముందు గుర్తొస్తుంది. అక్కడ అది మిరియాలు, నెయ్యి వేసిన రోజువారీ పలహారం. పొద్దున్నే అంత నెయ్యి ఎలా తింటారా అనుకున్నాను, తిన్నాక మర్నాడు నేనే ముందు లేచి వెళ్ళాను. రోడ్డు మీద బస్సులు, స్కూటర్లు ఆగకుండా పోతూనే ఉంటాయి. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ ముగ్గుంటుంది. మా వైపు చుక్కలు పెట్టి వాటిని కలుపుతారు. వాళ్ళు చుక్కల్ని కలపరు, చుట్టూ తిప్పి గీతని బయటికి తెస్తారు.

సాయంత్రం మురళి నన్ను బీచివైపు నడిపించాడు. ఆ దారిలో ఒక చిన్న రొట్టెల దుకాణం ముందు పలక మీద పి, ఎ, ఐ, ఎన్ అని ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాసుంది. నొప్పి అమ్మే దుకాణం ఏమిట్రా అన్నాను. "అది ఫ్రెంచక్కా. పాఁ అని చదవాలి, రొట్టె అని" అన్నాడు. లోపలికి వెళ్ళి ఒకటి కొన్నాం. అరవై రూపాయలు, మా షాపులో గుడ్డ కొలిచే గజంబద్దలో మూడో వంతుంది. పైన బెరడులా గట్టి, లోపల దూది. రాళ్ళ మీద కూర్చుని ముక్కలు తుంచుకుంటూ తిన్నాం.

"ట్రాన్స్‌ఫర్ ఎందుకడిగావురా? ఈ ఊరు బానే ఉంది కదా" అన్నాను.

వాడు చాలాసేపు రొట్టె నములుతూనే ఉన్నాడు. తర్వాత చెప్పాడు, ముక్కలు ముక్కలుగా.

ఊళ్ళోనే ఉన్న ఒర్లియంపేటలో ఒక సందులో కుళాయి నీళ్ళు బురదగా వస్తుంటే చూడ్డానికి వెళ్ళాడట. సందులోవాళ్ళ తరఫున ఒకామె వచ్చి తమిళంలో ఫిర్యాదు చెబుతోంది. మధ్యలో వాడికి యానాం నుంచి ఫోన్ వస్తే తెలుగులో మాట్లాడాడు. ఫోన్ పెట్టేశాక ఆమె కూడా తెలుగులోకి మారింది. "యాడ నుంచి వచ్చినారు మీరు?" అంది. ఆమె పేరు మల్లిక. ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. తల్లి లేదు. తండ్రి గోవిందరాజులు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. మూడు తరాలుగా అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళు. నీళ్ళ పని అయిపోయినా మురళి ఆ ఇంటికి వెళ్తూ వచ్చాడు. ఆదివారాలు అక్కడే భోజనం. వీడు మాట్లాడకపోయినా వాళ్ళకి అభ్యంతరం లేదట, గోవిందరాజులు ఇద్దరికి సరిపడా మాట్లాడతాడట.

"పెళ్ళి మాట మల్లికతో అన్నాను. మా నాయన్ని అడగండంది. ఒక రోజు ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు వెళ్ళి ఆయన్నడిగేను. విడాకుల సంగతీ చెప్పేను."

"ఏమన్నాడు?"

"అవసరం ల్యా తంబీ, అన్నాడు. రెండుసార్లు. అని లేచి లోపలికెళ్ళిపోయేడు. ఇంకేం కూర్చుంటానక్కా? వచ్చేసేను."

అవసరం లేదు. ఆ మాట విని నాకూ ఒళ్ళు మండింది. ఇష్టం లేదనొచ్చు, కుదరదనొచ్చు. ఒక మనిషి వచ్చి మీ అమ్మాయిని చేసుకుంటానంటే అవసరం లేదంటారా, కూరగాయల బండివాడికి చెప్పినట్టు?

"మరి ఆ అమ్మాయేమంది?"

"ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు" అన్నాడు.

పెద్ద మార్కెట్టు

మర్నాడు మురళి ఆఫీసులో చార్జి అప్పజెప్పడానికి వెళ్ళాడు. రాజీవన్‌కి సెలవు. చేపలు తెస్తే వండుతానన్నాను. అతను నన్ను ఊరి మధ్యనున్న పెద్ద మార్కెట్టుకి తీసుకెళ్ళాడు. లోపల నడవాలు ఇరుకు. ఒకవైపు పూలు, ఒకవైపు ఇత్తడి సామాను, ఆ వెనక చేపలు. అమ్మేవాళ్ళంతా ఆడవాళ్ళే, మా కాకినాడ జగన్నాథపురం మార్కెట్లో లాగే. బేరం కూడా అలాగే, ముందు కోపంగా, తర్వాత నవ్వుతూ. వంజరం కిలో తొమ్మిది వందలు చెప్పింది. కాకినాడ ధరే. నెత్తళ్ళు చూపించి అడిగితే ఆమె నెత్తిలి అంది, రాజీవన్ నెత్తోలి అన్నాడు. ముగ్గురం ఒకే చేపని మూడు రకాలుగా పిలిచి, అరకిలో తూయించాం.

వంజరం కోయించుకోవడానికి వరస ఉంది. నా ముందు నలుగురైదుగురున్నారు. రాజీవన్ కొబ్బరికాయ కొనడానికి పక్కకి వెళ్ళాడు. కత్తిపీట ముందు కూర్చున్నామె తలెత్తి నా చేతిలో చేప చూసి, "అవసరమా అమ్మా?" అంది.

అవసరం లేకుండా తొమ్మిది వందలు పోసి ఎవరు కొంటారు? "అవసరమే, అవసరమే" అన్నాను గట్టిగా తలూపుతూ.

ఆమె వెంటనే నా చేప లాక్కుని కత్తికి పెట్టింది. పొలుసు సగం తీసింది, సగం ఉంచింది, దబదబా ముక్కలు చేసి సంచిలో పడేసింది. వరసలో ఉన్నవాళ్ళు నా వైపు తిరిగి ఏదో అంటున్నారు. ఒక పెద్దామె నా భుజం మీద తట్టి మరీ అంటోంది. ఏమీ అర్థం కాక సంచి పట్టుకుని నిలబడ్డాను. రాజీవన్ వచ్చి వాళ్ళతో తమిళంలో మాట్లాడి, నన్ను పక్కకి తెచ్చి నవ్వడం మొదలుపెట్టాడు.

"చేచ్చీ, నువ్వు అవసరం చెప్పిందా? తమిళంలో అవసరం అంటే తొందర. నువ్వు తొందర చెప్పింది, ఆమె నిన్ను ముందు పెట్టింది. వెనక వాళ్ళకి కోపం."

"మీ భాషలో కూడా తొందరేనా?"

"మాకు అది కాదు, ఇది కాదు. మలయాళంలో అవసరం అంటే ఛాన్స్. ఒక అవసరం ఇవ్వండి సార్ అంటే, ఒక ఛాన్స్ ఇవ్వండి సార్. హిందీలో కూడా అట్లే ఉంది."

ఈ మాటతో తనకీ దెబ్బ తగిలిందని దారిలో చెప్పాడు. పుదుచ్చేరిలో కొత్తగా చేరినప్పుడు అతనికి తమిళం చదవడం రాదు. ఒక ఫైలు మీద పై అధికారి చీటీ అంటించి పంపాడు. ఏం రాసుందని పక్కనున్నతన్ని అడిగితే, అవసరం అని రాసుందన్నాడట. అధికారి నాకు మంచి అవకాశమిచ్చాడు, చూపిస్తాను నా పనితనం అనుకుని, రాజీవన్ ఆ ఫైలు దగ్గర పెట్టుకుని తీరిగ్గా, అందంగా తయారుచేశాడు. అది అందేసరికి అధికారి గొంతు మెట్ల దాకా వినిపించిందట.

నేను నవ్వాను. ఇంటికొచ్చి పంపు దగ్గర కూర్చుని, మిగిలిన పొలుసు గోకుతున్నప్పుడు నవ్వు ఆగిపోయింది. గోవిందరాజులన్న మాట గుర్తొచ్చింది. అవసరం ల్యా తంబీ.

సాయంత్రం మురళి రాగానే, తమిళంలో ఆ మాటకి తొందరని అర్థమట అన్నాను. వాడు ఆశ్చర్యపోలేదు.

"తెలుసక్కా. ఆఫీసులో రోజూ వింటాను. కానీ ఆయన తెలుగులో చెప్పేడు. తమిళంలో చెప్పుంటే నేనూ తొందర లేదనే అనుకునేవాణ్ణి. తెలుగులో అవసరం లేదంటే లేదనే కదా."

వాడన్నదీ సబబుగానే ఉంది. అయినా నా మనసు కుదుటపడలేదు. వంటింటి గిన్నెలు సర్దుతుంటే, వాటిలో మూడు గిన్నెల టిఫిన్ క్యారియరొకటి కనిపించింది. మూత మీద తమిళ అక్షరాల్లో పేరు చెక్కించి ఉంది.

"ఎవరిదిది?"

"వాళ్ళదే. ఇచ్చెయ్యాలి" అన్నాడు మురళి, మొహం తిప్పుకుని పుస్తకాల పెట్టెకి తాడు కడుతూ.

"నేనిచ్చొస్తాను."

వద్దనలేదు. సందు ఎక్కడ తిరగాలో చెప్పాడు.

ఒర్లియంపేట

ఒర్లియంపేటలో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టుంటాయి. ఆటో సందు మొదట్లోనే ఆగిపోయింది. ఎనభై రూపాయలు తీసుకున్నాడు. తర్వాత తెలిసింది, యాభై చాలట. సందులో సైకిళ్ళు, నీళ్ళ బిందెలు, అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న ఆడవాళ్ళు. టిఫిన్ క్యారియర్ చూసి ఒకామె నేను అడక్కుండానే ఇల్లు చూపించింది.

తలుపు తీసినాయన పొడుగ్గా ఉన్నాడు, తెల్లటి పంచె, చేతుల బనీను. "నేను మురళి అక్కనండి. కాకినాడ నుంచి వచ్చాను. మీ క్యారియర్ ఉండిపోతే ఇద్దామని" అన్నాను.

ఆయన కాసేపు నన్నూ క్యారియర్‌నీ మార్చి మార్చి చూశాడు. "రా అమ్మా. లోపల కూర్చో. మురళి బాగుండాడా? ఈ పక్క రానే రాలా. ఒళ్ళు బాగ ల్యాదేమో అనుకుంటిమి."

కోపం లేని గొంతు. నేను తయారుచేసుకొచ్చిన మాటలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. గోడ మీద తమిళ క్యాలెండరు, పక్కన దండ వేసిన ఆయన భార్య ఫొటో. మీ సొంతూరు ఎక్కడండీ అని అడిగాను.

"మా తాత మిల్లు పనికి వచ్చినాడు. నెల్లూరు పక్కం అంటారు. ఏ ఊరో మాకెవురికీ తెలీదు. ఇంట్లో మాట తెలుగే. రాసేది చదివేది అరవం. మురళి ఒకతూరి తెలుగు పేపరు తెచ్చి చదివినాడు. వినేదానికి బాగుండె."

కాఫీ కలపడానికి లేవబోయాడు. అంత మంచిగా మాట్లాడే మనిషి మొహం మీద, మా వాణ్ణి అంత మాటెందుకన్నారని ఎలా అడగను? క్యారియర్ బల్ల మీద పెట్టి నేనూ లేచాను. "ఉంటానండి. వెళ్ళొస్తాను."

"ఏం అవసరం? కాఫీ తాగి పో" అన్నాడాయన.

నేను నిలబడిపోయాను. ఆయన తెలుగులోనే అన్నాడు. ముందూ వెనకా అంతా తెలుగే. మళ్ళీ కూర్చున్నాను.

"ఏమండీ, అవసరం అంటే మీ ఇంట్లో ఏమిటండి అర్థం?"

"ఏమిటేంది? అవసరం అంటే అవసరమే. బిరీన బిరీన పోయేది." చేత్తో గాల్లో పరుగు చూపించాడు.

"మురళి మీ అమ్మాయి సంగతి అడిగినప్పుడు మీరేమన్నారు?"

ఆయన గ్లాసులు పట్టుకుని వంటింటి గుమ్మంలో ఆగాడు. "అవసరం ల్యా తంబీ అంటిని. ఇట్లాంటిది బిరీన తేల్చేదా? నా అక్క బాహూర్లో ఉండాది. మా ఇంటికి పెద్ద ఆమే. ఆమెని అడగల్ల. అందుకే ఫోన్ చేసేదానికి లోపలికి పోతిని. అక్క లైన్లో ఉండాది, అబ్బాయితో మాట్లాడు అని బయటికి వచ్చి చూస్తే, వాడు ల్యా. వాకిట్లో చెప్పులూ ల్యా."

"మా వైపు అవసరం లేదంటే, మాకొద్దు, మీతో పని లేదు అని అర్థమండి" అన్నాను.

ఆయన గ్లాసులు కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. "అయ్యో" అన్నాడు. ఇద్దరికి సరిపడా మాట్లాడతాడన్న మనిషి అలా కూర్చోవడం చూడలేకపోయాను. "మేమేమో వాడికే మనసు మారిందనుకుంటిమి. పాప ముందర వాడి పేరెత్తేది మానుకుంటిని."

కాఫీ నేనే కలిపాను. మేం తాగుతుండగా మల్లిక డ్యూటీ నుంచి వచ్చింది. సన్నగా ఉంది, చామనఛాయ. తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకుంది. కోటు జేబు ఎప్పుడో చిరిగితే చేత్తో కుట్టుకుంది. కుట్లు దగ్గరగా, సమంగా ఉన్నాయి. నా వృత్తి కొద్దీ ముందు అదే చూశాను.

తండ్రి జరిగినదంతా చెప్పాడు, నేను మధ్యలో అందుకున్నాను. చెబుతున్నంతసేపూ మా ఇద్దరికీ ఉత్సాహం. పొరపాటు దొరికింది, దిద్దేస్తే సరిపోతుందని. ఆమె మాత్రం కూర్చోలేదు. అంతా విని కోటుని మేకుకి తగిలించింది.

"మా నాయన మాట తప్పుగా అర్థమాయె. సరి. నేను రెండుతూర్లు ఫోన్ చేస్తిని మేడమ్. ఎత్తలా. దానికి ఏ భాషలో ఏం అర్థం?"

నేను ఖాళీ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

"నాయన చెప్పింది విన్నాడు, నన్ను అడగలా. మూడోతూరి చేసేదానికి నాకు సిగ్గయింది. ల్యాబ్‌లో పక్కనుండే వాళ్ళు ఆయన యాడ అని అడిగితే, పని ఎక్కువ పాపం అని నేనే చెప్తిని, ఆయన కోసరం." గొంతు పెంచకుండానే అంది. "మీరు మంచిగా వచ్చినారు. ఆయన్ని రమ్మనండి. చెప్పేది ఆయన చెప్పల్ల."

బయటికొచ్చేటప్పుడు గోవిందరాజులు సందు చివరిదాకా వచ్చాడు. రేపు అక్క దగ్గరికి బాహూరు పోతున్నామని, మురళిని తీసుకుని నన్నూ రమ్మని అన్నాడు. ఆటోవాడితో ఆయనే మాట్లాడాడు. యాభై అని నాకు తెలిసింది అప్పుడే.

ఇంటికొచ్చి మురళికి ఉన్నదున్నట్టు చెప్పాను. తొందర లేదన్న అర్థం చెప్పినప్పుడు వాడి మొహం వెలిగింది. ఫోన్ సంగతి చెప్పినప్పుడు ఆరిపోయింది.

"ఎత్తితే ఆమె కూడా వద్దంటుందనుకున్నానక్కా. ఒకసారి కోర్టులో అందరి ముందూ విన్నాను. రెండోసారి వినలేననిపించింది."

"వినకపోతే ఆమె వద్దందో కాదో ఎలా తెలుస్తుందిరా?"

పక్కగదిలోంచి రాజీవన్ తొంగి చూశాడు. "మురళీ, రేపు పో. మా అవసరం ఇది" అన్నాడు. అతని అర్థంలో.

బాహూరు

బస్సు టౌను దాటాక రెండు వైపులా వరి. కొన్ని మళ్ళు కోతకొచ్చాయి, కొన్ని కోసేశారు. రోడ్డు మీదే ఒక పక్కన ధాన్యం ఆరబోశారు, మోటారు సైకిళ్ళు దాన్ని తప్పించుకుంటూ పోతున్నాయి. మా గోదావరి వైపు కాలవలు చూసినదాన్ని, అక్కడ చెరువు చూసి తెల్లబోయాను. అవతలి గట్టు కనిపించనంత పెద్దది. ఆ నీళ్ళ మీదే చుట్టుపక్కల ఊళ్ళన్నీ పండుతాయట.

గోవిందరాజులు అక్క పేరు చెంగమ్మ. డెబ్బై దాటినావిడ. నడుం వంగలేదు. మమ్మల్ని కూర్చోబెట్టి ముందు భోజనం పెట్టింది. ఎండుచేపలు, వంకాయలు వేసిన పులుసు, లావుబియ్యం అన్నం. పులుసులో మనం బెల్లం ముక్క వేస్తామని చెబితే, "చేపకి బెల్లమా?" అని నన్ను జాలిగా చూసింది. మురళి వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. మల్లిక వడ్డిస్తోంది. వాడి ఆకులో పులుసు వేసేటప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

చేతులు కడుక్కున్నాక చెంగమ్మ మురళిని ఎదురుగా కూర్చోమంది.

"ముందొక పెళ్ళాయెనంట కదా. నువ్వు విడిచినావా, ఆమె విడిచిందా?"

"ఆవిడే వద్దంది పెద్దమ్మా."

"ఏం, తాగతావా?"

"లేదు."

"కొట్టినావా?"

"లేదు."

"మరేందీ?"

నేను అందుకోబోయాను. ఆ పెళ్ళి ఎందుకు చెడిందో మా ఇంట్లో అందరికీ తలో కారణం ఉంది. అమ్మ జాతకాలంటుంది, నేను ఆ అమ్మాయి తల్లిదండ్రులంటాను. మురళి నా వైపు చూడకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏదైనా వస్తే నేను మాట్లాడను పెద్దమ్మా. నోరు మూసుకుని పక్కకెళ్ళిపోతాను. రోజుల తరబడి. గోడతో కాపరం చెయ్యలేనంది. ఆవిడ చెప్పింది నిజమే."

ఆ మాట వాడి నోటివెంట నేను వినడం అదే మొదలు. గోవిందరాజులు పంచె అంచు సవరించుకున్నాడు. చెంగమ్మ మల్లిక వైపు తిరిగింది.

"విన్నావా?"

"నాకు తెలుసత్తా. నాకూ అదే చేసినాడు" అంది మల్లిక. గిన్నెలు తీసి లోపల పెట్టొచ్చి, "చెరువు కాడికి పోయొస్తాం" అని చెప్పులేసుకుంది. మురళి లేచి ఆమె వెనక వెళ్ళాడు.

చెంగమ్మా నేనూ వాకిట్లో కూర్చున్నాం. అక్కడి నుంచి గట్టు కనిపిస్తుంది. మాటలు వినిపించవు. మొదట చాలాసేపు మల్లికే మాట్లాడింది. మురళి చేతులు కట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నాడు. మళ్ళీ అదే మౌనం, మళ్ళీ అదే నిలబడ్డం అనుకున్నాను. ఆమె మాట ఆపేసి నాలుగడుగులు ఇవతలికి నడిచింది. అప్పుడు వాడు ఆమె వెంట వచ్చాడు. ఏదో అన్నాడు. ఆమె ఆగింది. వాడు ఇంకా ఏదో అంటున్నాడు, ఒక చెయ్యి గాల్లో తిప్పుతూ, మధ్యలో ఆగుతూ, మళ్ళీ మొదలుపెడుతూ. మా తమ్ముడు చేతులాడిస్తూ మాట్లాడడం నేను వాడి పదో తరగతి తర్వాత చూడలేదు. మల్లిక గట్టు మీద కూర్చుంది. కాస్త దూరంలో వాడూ కూర్చున్నాడు.

"ఎన్ని చెప్తా ఉండాడో" అంది చెంగమ్మ. "చెప్పనీలే." గట్టుకేసి చూస్తూనే, "నా మొగుడూ అంతే. సచ్చేదాకా నేనే మాట్లాడితిని. ఆ బాధ నాకు తెలుసు. అందుకే అడిగితిని" అంది.

వాళ్ళు వచ్చేసరికి ఎండ చల్లబడింది. ఇద్దరి మొహాలూ అలిసిపోయి ఉన్నాయి, పెద్ద బరువు దించినవాళ్ళ మొహాల్లా. మల్లిక తండ్రికీ అత్తకీ కలిపి చెప్పింది. "నేను ఈ ఊరు విడిచి పోను. నాయన్నీ ఉద్యోగాన్నీ విడిచేది కుదరదు. అది ఆయనకి చెప్తిని. ట్రాన్స్‌ఫర్ వద్దని రాసిస్తా అంటున్నాడు. రాయనీ. కొన్ని నెలలు చూస్తా. అప్పటిదాకా ఎవురూ పంచాంగం తీయొద్దు."

చెంగమ్మ ఆడి నెల పోనీ అంది. అక్కడ కూడా ఆషాఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు.

ఇది రాస్తున్న రోజుకి మురళి అర్జీకి జవాబు రాలేదు. వాడు పుదుచ్చేరిలోనే ఉన్నాడు. నేను కట్టిన పెట్టెల్లోంచి రోజూ కావలసిన గిన్నెలు లాక్కుని వండుకుంటున్నారని రాజీవన్ ఫోన్లో చెప్పాడు. పెళ్ళి మాట మల్లిక ఇంకా ఎత్తలేదట. మా షాపుకొచ్చేవాళ్ళు ముహూర్తం ఎప్పుడని అడిగితే నాకు తెలియదనే చెబుతున్నాను. తెలిసింది ఒక్కటుంది. అది ఆ రోజు తిరుగు బస్సులో జరిగింది.

తిరుగు బస్సు

బస్సు నిండుగా ఉంది. మురళి, గోవిందరాజులు ముందువైపు నిలబడ్డారు. ఆయన ఏదో చెబుతుంటే మా వాడు వంగి వింటున్నాడు. నాకూ మల్లికకీ వెనక సీటు దొరికింది. చెంగమ్మ కట్టిచ్చిన కొత్తబియ్యం మూట నా ఒళ్ళో ఉంది. కలిసినప్పటి నుంచీ మల్లిక నన్ను మేడమ్ అనే పిలుస్తోంది, ఆసుపత్రికొచ్చేవాళ్ళని పిలిచినట్టు. నేనూ ఏమీ అనలేదు. కిటికీ పక్కన ఆమె, ఇటుపక్కన నేను. గాలి తగులుతుంటే నాకు కునుకు పట్టింది.

ఎంతసేపు నిద్రపోయానో తెలియదు. ఎవరో నా ఒళ్ళోంచి మూట తీసుకుంటుంటే మెలకువ వచ్చింది. ఊళ్ళోకి వచ్చేశాం. జనం లేస్తున్నారు. మల్లిక మూట భుజానికెత్తుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది.

"లెయ్యి వదినా" అంది. "మన స్టాపు వచ్చె."